ఊ అనేదాకా

ప్రయోగశాలలో నా ఉద్యోగం ఇతరులు ఆడిన ఆటలు చూడటం. ఆడినవాళ్ల ముఖాలు నాకు కనిపించవు. ఫోను తెర మీద వాళ్ల బొటనవేళ్లు ఎక్కడ ఆనాయో, ఎంతసేపు నిలిచాయో, ఎక్కడ జంకి వెనక్కి వచ్చాయో, ఆ జాడలు మాత్రం చిన్న చుక్కలుగా నా ముందు కదులుతాయి. పడవ బండరాయికి దగ్గరవుతున్నప్పుడు వేలు నిలిచిపోతే అక్కడ 'తడబాటు' అని గుర్తు పెడతాను. మునిగిపోతామని తెలిసీ వల విసిరితే 'తెగింపు'. ఓడిపోగానే ఆట మూసేసి పోతే 'ఉడుకుమోతు'. ఆ పేరు నేను పెట్టిందే. మా డాక్టర్ హైమావతి మేడం చదివి నవ్వారు కానీ కొట్టెయ్యలేదు.

నేనూ నాలాంటి మరికొందరూ నాలుగేళ్లుగా పెట్టిన ఈ గుర్తులన్నీ తిని పెరిగిన యంత్రం పేరు 'జాడ'. మేం తయారుచేసిన 'అలల వేట' అనే ఆటను ఎవరైనా నెలరోజులు తమ ఫోనులో ఆడుకుంటే చాలు, ఆ మనిషి ఎలాంటి మనిషో జాడ ఒక పేజీలో చెప్పేస్తుంది. మాట మీద నిలబడతాడా, కంగారులో ఏం చేస్తాడు, తప్పు జరిగితే ఒప్పుకుంటాడా, పక్కవాడి మీదకి నెడతాడా, అన్నీ. కంప్యూటర్ల పని చూసే రహమతుల్లా గారు తన రిపోర్టు ఇంటికి తీసుకెళ్లి భార్యకు చదివి వినిపించారట. ఆవిడ కూర కలుపుతూనే, "దీనికి ఇన్ని లక్షలు పొయ్యడం ఎందుకు, నన్నడిగితే చెప్పేదాన్ని కదా" అందట.

మేడం నమ్మకం ఒకటే. మనిషిని అడిగితే తన గురించి మంచే చెప్పుకుంటాడు. ఆడుకునేటప్పుడు అబద్ధమాడాలని ఎవరికీ తోచదు. అందుకే ఆటలో బయటపడేదే అసలు స్వభావం. ఈ మాట ఆవిడ చెప్పినప్పుడల్లా నేను తలూపేదాన్ని. మొహమాటానికి కాదు, నాకూ నిజమే అనిపించి.

అలల వేటలో ఎడమ బొటనవేలితో పడవ నడపాలి, కుడి బొటనవేలితో వల విసరాలి. మామూలుగా ఒక వేలు కంగారుపడితే రెండోదీ పడుతుంది. చేపల గుంపు కనబడగానే వల వెయ్యాలన్న ఆత్రంలో పడవను రాయికి కొట్టేస్తారు. లేదా రాళ్ల భయంతో వల సంగతే మర్చిపోతారు. కానీ కిందటేడు కాకినాడకు పైన ఉన్న తీరపు ఊళ్ల నుంచి వింత జాడలు రావడం మొదలైంది. కుడి వేలు మెరుపులా వల విసురుతూ ఉంటే, ఎడమ వేలు ఏమీ పట్టనట్టు నిదానంగా పడవను తిప్పుతోంది. ఒకే మనిషిలో అంత వేగం, అంత నిబ్బరం. మేడం దానికి 'నిబ్బరవేగం' అని పేరు పెట్టారు. ఇప్పటిదాకా ఎవరూ గుర్తించని స్వభావం అన్నారు. తుపాన్లనూ, ఒడ్డును కోసుకుపోయే సముద్రాన్నీ చూస్తూ పెరిగినవాళ్లకు తరాలుగా అబ్బి ఉంటుందని వ్యాసం రాయడం మొదలుపెట్టారు. ఆ తీరం మాదే. ఆ మాటకు నాకు లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది.

ఈ సంగతి విని రేవులో క్రేన్లు నడిపే కంపెనీ ఒకటి మా దగ్గరికి వచ్చింది. ఓడల మీద నుంచి కంటెయినర్లు దించే క్రేను క్యాబిన్‌లో కూర్చోవడానికి అలాంటి మనుషులే కావాలన్నారు. శిక్షణకు పిల్లల్ని తీసుకునేటప్పుడు జాడ రిపోర్టు తప్పనిసరి చేశారు. చేరాక కూడా నెలనెలా ఆడుతూ ఉండాలి, నెలనెలా కొత్త రిపోర్టు రావాలి.

నా చెల్లెలు సత్యవేణి నాతో ఒక్క మాట కూడా చెప్పకుండా ఆ శిక్షణకు దరఖాస్తు పెట్టింది.

మాది ఉప్పాడ పక్కన నేతపని ఊరు. మా జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. చీర వెడల్పులో సగం ఒకరిది, సగం మరొకరిది. ఎవరి సగంలో బుటాలు వాళ్లు జరీపోగులతో అల్లుతారు. ఇద్దరివీ పూర్తయ్యాకే అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె విసరాలి. ఒకరిది కాకముందే రెండోవాళ్లు విసిరేస్తే ఆ వరుస పాడవుతుంది, విప్పుకోవాల్సిందే. అందుకని తన సగం అయినవాళ్లు "ఊ" అంటారు. రెండో "ఊ" వినబడేదాకా నాడె కదలదు. మా ఇంట్లో మాటలకన్నా ఊలే ఎక్కువ.

నాన్న పోయాక ఆయన చోట వేణి కూర్చుంది. అప్పటికి దాని పదో తరగతి అయింది. ఎడమవైపు అమ్మ, కుడివైపు అది. ఒడ్డున నిలబడితే దక్షిణంగా దూరాన రేవు క్రేన్లు కనిపిస్తాయి. చిన్నప్పుడు అది వాటిని కొంగలనేది. పెద్దయ్యాక ఆ మాట మానేసింది కానీ చూడటం మానలేదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఒంగి ఒంగి ఉండే మనిషికి అంత ఎత్తున కూర్చుని పని చెయ్యాలని ఉండటంలో వింతేముంది.

దాని జాడ రిపోర్టులో నిబ్బరవేగం అంతకుముందు ఎవరికీ రానంత వచ్చింది. కంపెనీ వాళ్లు వెంటనే తీసుకున్నారు. మా ఊరి నుంచి క్రేను శిక్షణకు వెళ్లిన మొదటి ఆడపిల్ల అదే. అమ్మ వీధంతా బెల్లం మిఠాయి పంచిందని పక్కింటివాళ్లు ఫోనులో చెప్పారు. ఇంటిపేరు ఒకటే కాబట్టి నా మీద మాట రాకూడదని, ఆ రిపోర్టు జోలికి నేను వెళ్లలేదు. దాని ఆటను ఒక్కసారి నా తెర మీద చూసుంటే ఏమయ్యేదో తెలియదు. బహుశా నాకూ ఏమీ కనిపించేది కాదు.

శిక్షణ మొదలయ్యాక దానికి సెలవు దొరికిన ఒక ఆదివారం నేనూ ఇంటికి వెళ్లాను. వేణి ముఖంలో నేను ఎప్పుడూ చూడని వెలుగు. ఇంకా అసలు క్రేను ఎక్కనివ్వలేదట, నమూనా క్యాబిన్‌లో నేర్పుతున్నారట. అన్నం కలుపుకుంటూ అదే కబుర్లు. "పైన కూచుంటే పెట్టె కింద ఏముందో మనకి సరిగ్గా కనపడదక్కా. కింద ఒక మనిషుంటాడు. ఆయన చెయ్యెత్తి సైగ చేసేదాకా మనం ఎత్తకూడదు, దింపకూడదు. మిగతావోళ్లంతా ఆత్రపడి తిట్లు తింటన్నారు. నాకేటి కష్టం? అచ్చం అమ్మ ఊ అన్నట్టే."

భోజనాలయ్యాక నేను గిన్నెలు సర్ది వచ్చేసరికి అమ్మా అదీ మగ్గం పక్కన గోడకు ఆనుకుని భుజం భుజం కలిపి కూర్చున్నారు. మధ్యలో ఫోను. దాని ఎడమ అంచు అమ్మ చేతిలో, కుడి అంచు వేణి చేతిలో ఉన్నాయి. అమ్మ ఎడమ బొటనవేలితో నిదానంగా పడవను రాళ్ల మధ్య నుంచి తప్పిస్తోంది. "ఊ" అనగానే వేణి కుడి బొటనవేలితో వల విసురుతోంది.

ముందు నాకు నవ్వొచ్చింది. తర్వాత వేణి రిపోర్టు గుర్తొచ్చింది.

ఎప్పటినుంచి ఇలా ఆడుతున్నారని అడిగాను. మొదటినుంచీ ఇంతేనని అమ్మ చెప్పింది. తనకు వల వెయ్యడం చేతకాదట, వేణికి పడవ నడపాలంటే విసుగట.

"ఫోనులో ఒక్కళ్లే ఆడాలే. అది మనిషిని చూసే ఆట" అన్నాను.

వేణి నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "ఒక్కద్దాన్నే ఎలా ఆడతాను? రెండు పనులున్నాయి కదా."

ఆ రోజు సాయంత్రం దాకా వీధిలో తిరిగాను. ఏ అరుగు మీద చూసినా అంతే. తల్లీకూతుళ్లు, మొగుడూ పెళ్లాలు, వదినా మరదళ్లు, మగ్గం మీద ఎటువైపు కూర్చునేవాళ్లు ఫోనుకు అటువైపు కూర్చున్నారు. ఒక ఇంట్లో ముసలాయన మూడోవాడిగా వెనక నిలబడి "కుడికి, కుడికి" అని అరుస్తున్నాడు. పక్కవీధిలో తోడికోడళ్లు ఇద్దరు ఒకరి మీద ఒకరు చిరాకుపడుతూ ఆడుతున్నారు. ఆ ఫోను జాడ నాకు బాగా గుర్తుంది. 'తనతో తానే పోట్లాడుకునే స్వభావం, బాధ్యత అప్పగించరాదు' అని జాడ రాసింది. ఆ రిపోర్టు చిన్నకోడలి పేరున వెళ్లింది. ఆ అమ్మాయికి ఏదో నర్సు ఉద్యోగం రాలేదని మాత్రం విన్నాను.

మేడం కనిపెట్టిన కొత్త స్వభావం మా ఊళ్లో ఏ ఒక్క మనిషిలోనూ లేదు. అది ఇద్దరి మధ్య ఉంది.

వేణిని బతిమాలి, ఒక వారం పాటు నేను తెచ్చిన వేరే ఫోనులో ఒంటరిగా ఆడించాను. దాని కుడి వేలు చురుగ్గానే ఉంది. ఎడమ వేలు మాత్రం తెర మీద ఆనించి ఎవరో ఏదో అంటారని చూస్తున్నట్టు నిలబడిపోయేది. పడవ తిన్నగా వెళ్లి రాయిని కొట్టుకునేది. వారం ఆటకే జాడ చెప్పేసింది: 'ఆగిపోతారు. నిర్ణయం ఇతరులకు వదిలేస్తారు. ఒంటరి బాధ్యతకు పనికిరారు.'

ఆ పేజీని మళ్లీ మళ్లీ చదివాను. మొదటి రిపోర్టులో ఉన్నది మా చెల్లెలు కాదు. ఇదీ కాదు. పన్నెండేళ్ల వయసు నుంచి నాన్న పక్కన పోగులు అందిస్తూ, ఎదుటివాళ్ల సగం అయ్యేదాకా ఆగడం నేర్చుకున్న పిల్ల అది. దాన్ని జాడ తడబాటు అంటోంది. తడబాటు అని దానికి నేర్పింది ఎవరు? వేలు నిలిచిన ప్రతిచోటా ఆ గుర్తు పెట్టింది నేనే. భయపడి ఆగడం, ఇంకొకరి కోసం ఆగడం తెర మీద ఒకేలా ఉంటాయి. చుక్క కదలదు, అంతే.

రహమతుల్లా గారికి చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "ఈ మాట మేడంకి చెప్పకండి తాయారు గారూ. చెబితే మీ చెల్లెలి సీటు పోతుంది, మేడం వ్యాసం పోతుంది, మన ముగ్గురి ప్రశాంతత పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో చూడండి" అన్నారు.

ఏమవుతుందో అదే చూశాను. ఉద్యోగం రాని ఆ చిన్నకోడలే గుర్తొచ్చింది.

మేడంకి చెప్పాను.

ఆవిడ కోపగించుకుంటారనుకున్నాను. కోపం రాలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, రేపు మీ ఊరు తీసుకెళ్లు అన్నారు. మర్నాడు వచ్చి మా మగ్గం పక్కన చాప మీద కూర్చున్నారు. అమ్మా వేణీ ఆడి చూపించారు. రెండో ఇంటికి, మూడో ఇంటికి వెళ్లాం. ఒక ఇంట్లో మేడంకే ఫోను ఎడమ అంచు అందించి, మీరూ పట్టండమ్మా అన్నారు. మేడం పడవను వెంటనే రాయికి కొట్టేశారు. ఆ ఇంటివాళ్లు మర్యాదకు నవ్వు ఆపుకున్నారు. తిరుగు ప్రయాణంలో కారు సముద్రం పక్కన పోతుంటే ఆవిడ కిటికీలోంచి బయటకు చూస్తూనే ఉన్నారు. ఊరు దాటాక, "ఎవరూ మోసం చెయ్యలేదు కదా, పాపం" అన్నారు. అంతే.

వారంలోపు వ్యాసం వెనక్కి తీసుకున్నారు. తీరపు ఊళ్లకు ఇచ్చిన రిపోర్టులన్నీ చెల్లవని ప్రకటించారు. అది నిజాయితీ. కాదని ఎవరనగలరు? ఆ నిజాయితీ వల్ల వేణిని శిక్షణ మధ్యలో ఇంటికి పంపేశారు.

నేను ఇంటికి వెళ్లేసరికి అది మగ్గం మీద ఉంది. తలెత్తలేదు. అమ్మే అంది: "ఎవురడిగారే నిన్ను? దాని నోటికాడ కూడు నువ్వే తీసేసేవు."

నమూనా క్యాబిన్‌లో అందరికన్నా బాగా చేస్తున్నానని నేర్పేవాళ్లే చెప్పారని, ఇప్పుడు ఫోను మాట తప్ప వాళ్ల మాట చెల్లదంటున్నారని వేణి ఎటో చూస్తూ చెప్పింది. చివరికి ఒక్కసారి నా వైపు తిరిగింది.

"నేను అమ్మతో ఆడితే నేను కాదన్నావు. ఒక్కద్దాన్నే ఆడితే పనికిరానన్నావు. మరి నేనెవర్ని అక్కా?"

ప్రయోగశాలకు తిరిగి వెళ్లి కంపెనీ మీదా, మేడం మీదా, రహమతుల్లా గారి మీదా పడ్డాను. క్రేను పని ఒంటరి పని కాదని, కింద మనిషి సైగ కోసం ఆగడమే ఆ పనిలో సగమని, మా చెల్లెలికి ఉన్నది ఆ గుణమేనని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. కంపెనీ ఆయన చాలా మర్యాదగా విన్నాడు. విని, ఆ గుణం రిపోర్టులో ఎక్కడుందో చూపించమన్నాడు. రిపోర్టులో దానికి గడి లేదు. జాడకు మళ్లీ నేర్పించాలంటే ఏం చెయ్యాలని రహమతుల్లా గారిని అడిగితే, నాలుగేళ్లుగా పెట్టిన 'తడబాటు' గుర్తులన్నీ తిరిగి చూడాలి, ఒక్కొక్క ఆగడం ఎవరికోసమో తేల్చాలి అన్నారు. అది తెర మీద తేలదని ఇద్దరికీ తెలుసు.

చివరికి మేడం చొరవతో కంపెనీ ఒక మెట్టు దిగింది. తీరపు పిల్లలకు ఇంకో అవకాశం ఇస్తారట. నెలరోజులు ఒంటరిగా ఆడాలి. ఈసారి ఫోను కెమెరా ముఖం చూస్తూ ఉంటుంది, పక్కన ఎవరూ కూర్చోకూడదు.

అప్పుడు నేను చేసిన పని వేణి కోసమే చేశాను. జాడకు ఏం నచ్చుతుందో నాకన్నా బాగా ఎవరికీ తెలియదు. వారానికి రెండుసార్లు ఇంటికి వెళ్లి దానికి నేర్పాను. కెమెరాకు అందకుండా వాకిట్లో నిలబడి చూసేదాన్ని. వేలు ఆనించి ఉంచకు, ఆడిస్తూ ఉండు. తప్పయినా సరే కదుపు. జాడ తప్పును క్షమిస్తుంది కానీ ఆగడాన్ని క్షమించదు. రాయి తగిలితే తగలనీ. ఎవరూ ఏమీ అనరు, నువ్వే విసురు. "ఆగకు వేణీ, ఆగకు" అని ఎన్నిసార్లు అన్నానో. మొదట్లో దాని ఎడమ వేలు ప్రతి రాయి దగ్గరా అమ్మ గొంతు కోసం నిలబడేది. ఆటలోంచి లేచి ఫోను విసిరికొట్టబోయింది ఒకసారి. అమ్మ లోపల మగ్గం మీద ఒక్కతే కూర్చుని దాని సగం కూడా తనే వేసుకుంటూ ఉండేది. నెల చివరికి ఆ వేలు ఆగడం మానేసింది.

కొత్త రిపోర్టు వచ్చింది. 'ఎవరి మాటకూ ఎదురుచూడరు. తక్షణం కదులుతారు. ఒంటరి బాధ్యతకు తగినవారు.' ఇంటిపేరు చూసి పక్కన పెట్టే మర్యాద ఈసారి నేను పాటించలేదు. పరీక్ష నేర్పింది నేనేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు. కంపెనీ వేణిని మళ్లీ తీసుకుంది. నమూనా క్యాబిన్ శిక్షణ పూర్తయినట్టు లెక్క కాబట్టి వచ్చే సోమవారం నుంచి అసలు క్రేను ఎక్కమంది.

దానికి ముందురోజు నేను ఇంట్లో ఉన్నాను. మధ్యలో ఆగిపోయిన చీర ఒకటి అమ్మా వేణీ కలిసి పూర్తి చేస్తున్నారు. వేణి చాలారోజుల తర్వాత నాతో మామూలుగా మాట్లాడింది, బస్సుపాసు గురించి, క్యాబిన్ ఎక్కే నిచ్చెన గురించి. నేను గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. మగ్గం చప్పుడు చిన్నప్పటినుంచి వింటున్నదే కాబట్టి అందులో ఏదో తేడా ఉందని చూడకుండానే తెలిసింది.

ఒక్క "ఊ" మాత్రమే వినిపిస్తోంది. రెండోది రాకముందే నాడె పోతోంది.

అమ్మ చేతులు తీసి చూసింది. తన సగంలో బుటా రేకు ఒకటి మిగిలిపోయింది. ఆ పోగు విప్పి మళ్లీ వేసింది. రెండో వరుసలో మళ్లీ అంతే. మళ్లీ విప్పింది. మూడోసారి నాడె విసరబోతున్న వేణి మణికట్టు పట్టుకుంది.

"ఏటే, నేనింకా ఊ అన్లేదని తెలత్తాలేదా?"

"తెలత్తంది" అంది వేణి. "ఆగలేకపోతన్నానమ్మా" అంది.

నా ఒళ్లోంచి చిక్కుడుకాయలు జారిపోయాయి. కంటెయినరు కింద చెయ్యెత్తి నిలబడే ఆ మనిషి కళ్లముందు కనిపించాడు. ఆయనకు ముఖం లేదు. నా తెర మీద మనుషుల్లాగే.

వాకిట్లోకి వచ్చి మేడంకి ఫోను చేశాను. ఈ రిపోర్టు కూడా తప్పేనన్నాను. కంపెనీకి చెప్పి కొన్ని వారాలైనా ఆపమన్నాను. ఆవిడ నా మాట పూర్తయ్యేదాకా విన్నారు. "తాయారూ, పోయినసారి రిపోర్టు తప్పని నువ్వే వచ్చావు. నేను నమ్మాను, సరిదిద్దాను. ఇప్పుడు సరిదిద్దింది తప్పంటున్నావు. ఆపమంటే ఈసారి ఆ అమ్మాయికి మూడో అవకాశం ఉండదు. ఆలోచించుకుని చెప్పు, చెప్పమంటే రేపు పొద్దున్నే కంపెనీకి చెప్పేస్తాను" అన్నారు. ఆ గొంతులో విసుగు ఉంది, కానీ అబద్ధం లేదు. ఆవిడ ఆ నిర్ణయాన్ని నా చేతిలో పెట్టి వదిలేశారు.

లోపలికి వచ్చాను. అమ్మను లేవమన్నాను. ఎందుకే అంటూనే లేచింది. నేను ఆవిడ చోట కూర్చుని గుంటలోకి కాళ్లు దింపాను. మగ్గం మీద కూర్చుని ఎన్నేళ్లయిందో. పోగులు వేళ్లకు కొత్తగా తగిలాయి.

"నీకేం వచ్చని?" అంది వేణి.

"రాదు. అందుకే" అన్నాను. "నేను ఊ అనేదాకా నాడె ముట్టుకోకు."

అది నాడె కింద పడేసింది. "మొన్నటిదాకా ఆగొద్దని చంపావు. ఇయాళ ఆగమంటన్నావు. నెలనెలా ఫోనులో ఆగకూడదు, కొంగ మీద ఆగాలి, మగ్గం మీద ఆగాలి. నేను మనిషినా, నీ తెర మీద చుక్కనా? ఏదో ఒకటి సెప్పవే."

"క్రేను కింద సైగ చేసే ఆయన పేరేంటి?" అని అడిగాను.

దానికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. పాతాయన, సూరన్న అంటారని చెప్పింది. చెప్పాక దాని గొంతు తగ్గింది. ఒంగి నాడె తీసుకుంది.

తన సగం ఎప్పుడో వేసేసి "ఊ" అంది. నా వేళ్లు మొద్దుబారిపోయాయి. జరీపోగు ఒకటి తప్పు దారంలోంచి తీశాను, మళ్లీ వెనక్కి తెచ్చాను. అమ్మకు రెండు బుటాలు పట్టే సమయంలో నాకు ఒక రేకు కూడా కాలేదు. పక్కనుంచి నాడె కదిలిన చప్పుడయింది. విసిరేసింది. ఇద్దరం విప్పాం. మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ విసిరేసింది. తనను తానే తిట్టుకుంది. మళ్లీ విప్పాం. అమ్మ నేల మీద పడ్డ చిక్కుడుకాయలు ఏరి, గుమ్మంలో నా చోట కూర్చుని అవే తుంచుతోంది. మా వైపు చూడటం లేదు కానీ వింటోంది.

ఎన్నో వరుసో తెలియదు. వేణి "ఊ" అంది. నేను ఇంకా మొదటి రేకులోనే ఉన్నాను. దాని చెయ్యి నాడె మీద బిగుసుకోవడం పక్క చూపుతో కనిపిస్తోంది. బొటనవేలు దాని అంచు మీదే నిలిచిపోయింది. నా తెర మీద అయితే ఇక్కడ 'తడబాటు' అని పెట్టేదాన్ని. ఫోను చాప మీద ఉంది. మేడంకి పొద్దున్నే ఏదో ఒకటి చెప్పాలి. అప్పటిదాకా నాకున్నది ఈ చీరే.

నేను ఇంకో పోగు తీశాను. కావాలనే నిదానంగా తీశాను. వేణి చేతిలో నాడె కదల్లేదు.

నేను ఇంకా ఊ అనలేదు.